పిన్నిగారింటి ఎర్రతోక ఎలుక

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదని నాకో గట్టి నమ్మకం. ఇరవై మూడేళ్ళ వయసు, వ్యవసాయ డిగ్రీ, కొత్తగా వచ్చిన గవర్నమెంటు ఉద్యోగం, ఈ మూడూ ఒక్కసారే మీద పడితే ఎవరికైనా కళ్ళు నెత్తికెక్కుతాయి. నాకైతే ఇంకొంచెం పైకే ఎక్కాయి. బాపట్ల దగ్గర పిట్టలవానిపాలెం మండలంలో విస్తరణాధికారిగా వేశారు. అంటే ఊరూరా తిరుగుతూ రైతులకి విత్తనాల గురించీ తెగుళ్ళ గురించీ చెప్పే పని. నేను చేరిన ఏడాది ఆ చుట్టుపక్కల వరిచేలల్లో ఎలుకలు తెగ పడ్డాయి. దాంతో నా తొలి ఉపన్యాసాలన్నీ ఎలుకల మీదే సాగాయి. మా నాన్న వయసు రైతులు అరుగుల మీద చేరి "చెప్పండమ్మా" అని బుద్ధిగా వింటుంటే, నూకల్లో నూనే మందూ ఎలా కలపాలో, పొట్లాలు కట్టి బొరియల్లో ఎలా పెట్టాలో చేతులు ఊపుతూ చెప్పేదాన్ని. (తెనాలి పక్క అంగలకుదురులో మా ఇంట్లో ఎలుక కనిపిస్తే అమ్మ చీపురు అందుకునేది, నేను మంచమెక్కేదాన్ని. ఆ సంగతి ఆ రైతులకి తెలిసే అవకాశం లేదు కాబట్టి నా గౌరవానికి ఢోకా లేకపోయింది.)

ఉద్యోగం రాగానే ఇంట్లో పంచాయితీ మొదలైంది. నాన్న చర్చి బడిలో మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఒకసారి మాట అన్నాడంటే అది బోర్డు మీద రాసినట్టే. "బాపట్లలో మంచి సంసారుల ఇంట్లో గది దొరికితే ఉండు. లేదంటే రోజూ తెనాలి నుంచి రైల్లో వెళ్ళిరా" అన్నాడు. వెళ్ళిరావడం కష్టమేం కాదు, రైళ్ళకేం కరువు. కానీ పుట్టిన దగ్గర్నుంచి ఇద్దరన్నల మధ్య ఒకే గదిలో పెరిగిన దాన్ని. పరీక్షలకి చదువుతుంటే ఒకడు రేడియో పెట్టేవాడు, ఇంకొకడు క్రికెట్ బ్యాటుకి మేకులు కొట్టేవాడు. నాకంటూ ఒక తలుపూ, లోపల్నుంచి వేసుకోవడానికి ఒక గడియా ఉంటే చాలని ఎన్నేళ్ళుగానో కోరిక. ఉద్యోగం వచ్చినందుకు కాదు, గది వస్తుందన్నందుకే నేను ఎక్కువ సంబరపడ్డాను.

తీరా బాపట్ల వెళ్ళి వెతికితే, ఒంటరి ఆడపిల్ల అనగానే సగం గుమ్మాలు ముఖం చాటేశాయి. మిగతా సగం "ఏంటోళ్ళమ్మా మీరు?" అని అడిగి, జవాబు విని, "మొన్ననే ఎవరికో మాటిచ్చేశామమ్మా" అన్నాయి. చివరికి ఒక సందులో మేడ మీద గది దొరికింది. కింద ఇంటివాళ్ళు ఇద్దరే. ఆవిణ్ణి పిన్నిగారనీ, ఆయన్ని బాబాయిగారనీ పిలిచేదాన్ని. పిన్నిగారు నన్నేమీ అడగలేదు. నా ముఖం వంక, చెప్పుల వంక ఒకసారి చూసి, "మేడమీద నీళ్ళు పొద్దున్నే పట్టుకోవాలమ్మా. గేటు చప్పుడు లేకుండా వెయ్యాలి. వినాయకుడి గదివైపు బట్టలు ఆరెయ్యకూడదు" అని చెప్పింది. ఆవిడకి వినాయకుడంటే ప్రాణం. ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా ఆయనకి చెప్పే మొదలుపెట్టేది, కుక్కర్ పెట్టేముందు కూడా. బాబాయిగారు ఏదో ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి దిగిపోయారు. షుగరుంది. పిన్నిగారు ఆయనకి పొద్దున్న రాగిజావ, మధ్యాహ్నం కొలిచి పెట్టిన అన్నం, సాయంత్రం చక్కెర లేని టీ ఇచ్చేది. ఆయన మారుమాట్లాడకుండా అన్నీ పుచ్చుకునేవారు. అంత మెత్తని మనిషిని నేను అంతకుముందు చూళ్ళేదు. (ఆ అభిప్రాయం తర్వాత మార్చుకున్నాను.)

రెండు నెలలు స్వర్గం. ఆ తర్వాత రేపల్లె నుంచి మా అమ్మమ్మ ఎండు మెత్తళ్ళు పంపింది. మనవరాలు ఒంటరిగా ఉంటూ చిక్కిపోతుందని ఆవిడ బెంగ, నిజాంపట్నం ఎండుచేపలతో తీరని బెంగ లేదని ఆవిడ సిద్ధాంతం. ఒక ఆదివారం కిటికీలన్నీ తీసి, వంకాయతో కలిపి వండుకున్నాను. పిన్నిగారింట్లోనూ కోడికూర వండుతారు, పండక్కి వేటమాంసం కూడా తెస్తారు. కానీ ఎండుచేపల వాసన వేరు. అది మెట్లు దిగి, గుమ్మం దాటి, కూర్చోమనకుండానే కూర్చుంటుంది. పిన్నిగారు పైకొచ్చి ఏమీ అనలేదు. సాయంత్రం కింద సాంబ్రాణి పొగ మాత్రం మామూలుకంటే దట్టంగా లేచింది. సరిగ్గా ఆ వారంలోనే ఆవిడ వంటింట్లోకి ఎలుక దూరింది.

"ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎలుక మాట లేదమ్మాయ్" అంది పిన్నిగారు నన్ను మెట్ల దగ్గర ఆపి. మాట నాతో అన్నా చూపు మాత్రం మేడమీద నా వంటగది కిటికీ వైపుంది. అర్థం కాకపోవడానికి నేనేం చిన్నపిల్లనా? "నేనున్నానుగా పిన్నిగారూ, ఎలుకల పనే మాది" అని ధైర్యం చెప్పి, ఆఫీసు నుంచి మందు పొట్లం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని తేలును చూసినట్టు చూసింది. "స్వామి వాహనాన్ని నేను చంపుతానా? నీకెంత ధైర్యం" అంది. నా ఉద్యోగ జీవితంలో తొలి సలహా అలా బుట్టదాఖలైంది.

చంపకూడదు కాబట్టి బోను వచ్చింది. చెక్క అడుగుకి ఇనప తీగల అల్లికతో పాతకాలపు బోను. దాని బాధ్యతంతా బాబాయిగారు ఎంతో ఉత్సాహంగా నెత్తినేసుకున్నారు. రోజూ పడుకునేముందు ఎర పెట్టేది ఆయనే, పొద్దున్నే ఎలుక పడితే స్కూటర్ కొక్కేనికి బోను తగిలించుకుని వదిలి రావడానికి వెళ్ళేదీ ఆయనే. "దగ్గర్లో వదిలితే మళ్ళీ వస్తుంది. ఊరవతల కాలువ దాటించి వదులుతా" అనేవారు. గంట గడిచాక ఖాళీ బోనుతో, ప్రశాంతమైన ముఖంతో తిరిగొచ్చేవారు. రాగిజావ సగం తాగి "ఇవాళ ఎందుకో ఆకలి లేదే" అనేవారు. పాపం, మూగజీవాన్ని ఊరు దాటించొచ్చిన దిగులేమో అని పిన్నిగారు జాలిపడేది. నేనూ పడ్డాను.

కానీ ఒక ఎలుకని వదిలితే ఇంకొకటి. దాన్ని వదిలితే మరొకటి. వారంలో సగం రోజులు బోనులో ఎలుక ఉండేది. పిన్నిగారి మినపప్పు డబ్బా మూత కొరికాయి, శనగపిండి సంచీకి కన్నం పెట్టాయి, చివరికి దేవుడి గదిలో వత్తుల డబ్బా కూడా వదల్లేదు. నేను ఎండుచేపలు వండటం మానేశాను, ఉన్నవాటిని స్టీలు డబ్బాలో పెట్టి, దాన్ని ఇంకో డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని బీరువాలో పెట్టాను. గాజుపెంకులు సిమెంట్లో కలిపి కనిపించిన కన్నమల్లా పూడ్చాను. ఎదురింటి టీచరమ్మగారి పిల్లిని కూడా అరువు తెచ్చాను. అది రెండు రోజులు పిన్నిగారి చేతి పాలు తాగి, మూడో రోజు మినపప్పు డబ్బా మీదే పడుకుంది. పగలు మండలంలో ఎలుకల మీద ఉపన్యాసాలు, ఇంటికొస్తే ఎలుకల వల్ల అక్షింతలు. ఊళ్ళో రైతులకి ఈ సంగతి తెలిస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఒక సాయంత్రం పిన్నిగారు నన్ను కిందకి పిలిచి కుర్చీ వేసింది. ఎప్పుడూ కుర్చీ వెయ్యని మనిషి కుర్చీ వేసిందంటేనే భయమేసింది. "నువ్వు మంచి పిల్లవే తల్లీ. నీ మీద నాకేం కోపం లేదు. ఊళ్ళో ఎలుకలన్నీ నీ చేపల వాసనకి మా ఇంటి దారి పట్టాయి. మీ నాన్నగారికి ఫోన్ చేసి చెప్పాను, ఆదివారం వచ్చి సామాను తీసుకెళ్తానన్నారు" అంది. నేను మేడమీదకెళ్ళి గడియ పెట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూనే, ఇలా గడియ పెట్టుకుని ఏడ్చుకునే సౌకర్యం కూడా ఆదివారంతో ఆఖరని గుర్తొచ్చి మరింత ఏడ్చాను. నాన్న ఫోన్ చేసి "పోన్లేమ్మా, రైలు ఉందిగా" అన్నాడు. ఆయన గొంతులో కాస్త సంతోషం కూడా వినిపించింది. అది నాకు మరీ మండింది.

మర్నాడు ఒక ఊళ్ళో మామూలుగానే రైతుల ముందు నిలబడ్డాను. నోరు దానంతటదే పనిచేస్తోంది. "ఒక్కరు మందు పెడితే లాభం లేదండి. ఎలుకను మీ పొలంలోంచి తోలేస్తే పక్క పొలంలోకి పోతుంది, రెండ్రోజులాగి మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది. అది కొత్త ఎలుకని మీరనుకుంటారు, పాతదే" అన్నాను. అని ఆగిపోయాను. ముందు వరసలో ముసలాయన "తర్వాత చెప్పండమ్మా" అన్నాడు. తర్వాత ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. నా మాట నేనే వినడం అదే మొదటిసారి. పిన్నిగారింటికి వస్తున్నవి ఎలుకలా, ఎలుకా?

గురువారం పొద్దున్నే బోనులో ఎలుక పడింది. బాబాయిగారు స్కూటర్ తుడుచుకుంటున్నారు, పిన్నిగారు పూజలో ఉంది. నా దగ్గరున్న ఒకే ఒక్క గోళ్ళరంగు సీసా, చిక్కటి ఎరుపుది, తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. తీగల సందుల్లోంచి దాని తోక బయటకొచ్చి వేలాడుతోంది. మంచమెక్కాలనిపించిన మాట నిజం. కళ్ళు మూసుకోలేదు, అది మాత్రం గొప్పగా చెప్పుకుంటాను. తోక చివర వేలెడు మేర ఎర్రగా పూసి, ఉఫ్ఫుమని ఊది ఆరబెట్టాను. ఎలుక వెనక్కి తిరిగి నా వంక చూసింది. పెళ్ళికూతురి ముస్తాబులా ఉందనిపించి ఆ కంగారులోనూ నవ్వొచ్చింది. బాబాయిగారు ఏమీ గమనించకుండా బోను తగిలించుకుని వెళ్ళిపోయారు.

శనివారం పొద్దున్న కింద నుంచి పిన్నిగారి కేక వినిపించింది. మెట్లు రెండేసి దిగుతూ వెళ్ళాను. బోనులో ఎలుక, దానికి ఎర్రతోక. గెలిచాననుకుని నోరు తెరవబోయాను. కానీ పిన్నిగారు అప్పటికే రెండు చేతులూ జోడించేసింది. "చూశావా అమ్మాయ్, స్వామి తన వాహనానికి కుంకుమ పెట్టి మన ఇంటికి పంపాడు" అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను ఏదో అనేలోగా ఎదురింటి టీచరమ్మగారికి కబురెళ్ళింది, ఆవిడతో పాటు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళొచ్చారు. బోను ముందు బెల్లంముక్క పెట్టారు. హారతి పళ్ళెం వచ్చింది. ఎలుక బెల్లం వంక చూసింది, హారతి వంక చూసింది, మూలకి నక్కింది. బాబాయిగారు మాత్రం తోక వంక అదేపనిగా చూస్తున్నారు. ఆయన ముఖంలో భక్తి లేదు, ఇంకేదో ఉంది.

నేనెంతో తెలివిగా తయారుచేసుకున్న సాక్ష్యం కాస్తా దేవుడి ఖాతాలోకి పోయింది. అంతటితో ఆగినా బాగుండేది. పిన్నిగారు నా భుజం మీద చెయ్యేసి, "స్వామి వాహనం తిరిగే ఇంట్లో ఎండుచేపలు ఉండటం దోషమమ్మా. రేపు మీ నాన్నగారు రావడమే మంచిదయింది" అంది మెత్తగా. గది చేజారిపోతోంది. అప్పుడు నాకు ఎక్కడ్నుంచి వచ్చిందో తెగువ, ఎడమచేయి చాచి హారతి వెలుగులో పెట్టాను. అయిదు గోళ్ళూ ఎర్రగా ఉన్నాయి. "కుంకుమ కాదు పిన్నిగారూ, ఇది. గురువారం నేనే పూశాను. మీ ఇంటికి ఊళ్ళో ఎలుకలు రావటంలేదండి. ఒక్కటే వస్తోంది. ఇదే వెళ్తోంది, ఇదే వస్తోంది" అన్నాను.

పిన్నిగారు నా గోళ్ళు చూసింది, తోక చూసింది, మళ్ళీ గోళ్ళు చూసింది. నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడ నెమ్మదిగా భర్త వైపు తిరిగింది. "కాలువ అవతలే వదిలారు కదండీ?" అంది. "అవతలే, అవతలే" అన్నారు బాబాయిగారు. "ఈదుకుంటూ వచ్చిందేమో" అని కూడా అన్నారు. పిన్నిగారు బోను తెచ్చి ఆయన చేతికిచ్చి, "సరే, వదిలి రండి" అంది. స్కూటర్ గేటు దాటగానే నా వైపు చూసి, "చెప్పులేసుకో" అంది.

ఆటో ఎక్కాం. "ఆ స్కూటర్ వెనకాలే పోనీ బాబూ, మరీ దగ్గరికి పోవద్దు" అంది పిన్నిగారు ఆటో అబ్బాయితో. పైట చెంగు నెత్తిన కప్పుకుని, నా వెనక నక్కి కూర్చుంది. కానీ ఆటో నిజంగా కదిలిందో లేదో కూడా చెప్పలేను, స్కూటర్ అప్పుడే ఆగిపోయింది. కాలువ ఎక్కడ, ఊరవతల ఎక్కడ? మా సందు చివర మలుపులో టిఫిన్ హోటల్ వెనకాల మురుగ్గుంట దగ్గర బాబాయిగారు దిగారు. బోను కింద పెట్టి తలుపెత్తారు. "జాగర్తగా వెళ్ళు" అన్నారు ఎలుకతో, అంత దూరానికీ వినబడింది. అది గుంట గట్టు పట్టుకుని, ఎర్రతోక ఊపుకుంటూ, ఏమాత్రం తడబాటు లేకుండా మా ఇంటివైపే పరుగెత్తింది. మా ఆటో పక్కనుంచే వెళ్ళింది. బాబాయిగారు చేతులు కడుక్కుని హోటల్లో ఎప్పుడూ కూర్చునే బల్ల దగ్గర కూర్చున్నారు. ఆయన నోరు తెరవకుండానే ప్లేటు నిండా మిరపకాయ బజ్జీలు వచ్చాయి. ఒక బజ్జీ సగం కొరికి, రెండో సగాన్ని కాయితంలో చుట్టి జేబులో పెట్టుకోవడం కూడా మేం చూశాం. బోనులో ఆయన పెట్టే ఎర అదన్నమాట. అంత రుచి మరిగాక ఆ ఎలుక మాత్రం ఎక్కడికి పోతుంది?

పిన్నిగారు దిగి, నేరుగా వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుంది. నేను గుమ్మం దగ్గరే ఆగాను. "కాలువ అవతల హోటల్ పెట్టారా ఏంటండి?" అని అడిగింది. బాబాయిగారు నోట్లో ఉన్న బజ్జీ మింగారు. తర్వాత చాలా నిదానంగా, "ఉద్యోగం దిగిపోయాక బయటికెళ్ళడానికి నాకు ఇంకేం సాకుందే? ఎలుక పడ్డ రోజే కాస్త గాలి తగులుతోంది" అన్నారు. నేను పెద్ద గొడవ కోసం ఎదురుచూస్తున్నాను. పిన్నిగారు ప్లేటు వంక చూస్తూ కూర్చుంది. "ఇన్ని రోజుల్లో నాకొక్కటి తేవాలనిపించలేదా?" అంది చివరికి. ఆ మాటలో కోపం కంటే కష్టం ఎక్కువుంది. బాబాయిగారు ప్లేటు ఆవిడ వైపు జరిపారు. ఆవిడ ఒక బజ్జీ తీసుకుంది. మిగతావి నా చేతిలో పెట్టి, "నువ్వు తిను, ఈయన తినకూడదు" అంది.

ఇంటికొచ్చాక ఎదురింటి టీచరమ్మగారు గేటు దగ్గరే నిలబడి ఏమైందో తెలుసుకోవాలని చూస్తోంది. పిన్నిగారు సందంతా వినపడేలా చెప్పింది: "మా ఎలుకని పెంచింది ఈ పిల్ల చేపలు కాదమ్మా. మా ఆయన బజ్జీలు." నా జీవితంలో నాకు చాలా ప్రశంసాపత్రాలు వచ్చాయి. ఆ రెండు ముక్కలకి సాటైనది ఒక్కటీ రాలేదు. ఇక రోజూ పొద్దున్నే ఇద్దరూ కలిసి నడకకి వెళ్ళాలనీ, నెలకోసారి బజ్జీ తినొచ్చనీ అక్కడికక్కడే తీర్పయింది. ఈ సంబరంలో నాన్నకి ఫోన్ చేసి రావద్దని చెప్పాలన్న సంగతి నాకూ గుర్తు రాలేదు, పిన్నిగారికీ గుర్తు రాలేదు.

ఆదివారం ఉదయం ఆరాధన కాగానే నాన్న రైలెక్కి, స్టేషన్ దగ్గర ట్రాలీ ఆటో మాట్లాడుకుని మరీ దిగాడు. వెంట తాడు కూడా తెచ్చాడు, మంచం కట్టడానికి. అదే సమయానికి పిన్నిగారు స్వయంగా బజ్జీ పెట్టి పట్టిన ఎర్రతోక ఎలుక బోనులో ఉంది, దాన్ని ఎక్కడ వదలాలన్నదాని మీద కింద గట్టి చర్చ నడుస్తోంది. బాబాయిగారు పొలాల్లో వదులుదామంటున్నారు. నా ప్రాణం పోయినా ఒప్పుకోనన్నాను. (పొద్దునంతా రైతులకి ఎలుకలు పట్టమని చెప్పి, సాయంత్రం వాళ్ళ చేలో ఎలుకని వదిలితే నన్ను వాళ్ళు బోనులో పెడతారు.) నాన్న తాడు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "సామాను ఎక్కడమ్మా?" అన్నాడు.

"మీ అమ్మాయి ఎక్కడికీ రాదండి మాస్టారూ. ఆ గది ఆమెదే" అంది పిన్నిగారు. "బండి ఎలాగూ వచ్చింది కాబట్టి సూర్యలంక సముద్రం ఒడ్డుకి పోదాం పదండి. ఆ సరుగుడు తోటల్లో వదిలితే ఎవరికీ ఇబ్బంది ఉండదు." నాన్నకి ముందూ వెనకా ఏమీ అర్థం కాలేదు, కానీ అంత గట్టిగా చెప్పే ఆడవాళ్ళ ముందు ఆయన వాదించడు, మా అమ్మ దగ్గర అలవాటే. నా మంచమూ బీరువా మొయ్యాల్సిన ట్రాలీ ఆటోలో పిన్నిగారు డ్రైవర్ పక్కన కూర్చుంది, నాన్నా బాబాయిగారూ వెనకాల తాడు చుట్ట మీద కూర్చున్నారు, నేను నిలబడ్డాను. మధ్యలో బోను. దారిపొడుగునా ఎవరో ఒకరు నవ్వుతూనే ఉన్నారు.

ఇళ్ళకి బాగా దూరంగా, సరుగుడు చెట్ల కింద బోను తలుపెత్తాం. అది కాస్త ఆలోచించి, ఇసకలో ఎర్రతోక ఈడ్చుకుంటూ పొదల్లోకి పోయింది. పిన్నిగారు దణ్ణం పెట్టింది. తర్వాత చెప్పులు వదిలి, చీర కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగింది. ఇంత దగ్గర్లో ఉండి సముద్రం చూసి ఎన్నేళ్ళయిందో అనుకుంటూ నిలబడింది. బాబాయిగారు వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు, అలకి పడిపోతుందని. నాన్న నా పక్కకొచ్చి, "ఇంత గొడవా ఆ చిన్న గది కోసమా?" అన్నాడు. "అవును నాన్నా" అన్నాను. ఆయన ఇక రైలు మాట ఎత్తలేదు.

పెళ్ళయి తెనాలి వచ్చేదాకా ఆ గదిలోనే ఉన్నాను. ఇప్పుడు మాకు సొంత ఇల్లుంది, నాలుగు గదులు, నాలుగింటికీ గడియలు. ఎలుక కనిపిస్తే ఒక ఫోన్ చేస్తే చాలు, టోపీలు పెట్టుకున్న కుర్రాళ్ళొచ్చి ఏవో పెట్టెలు అమర్చి పోతారు. అది ఏ ఎలుకో, ఎక్కడ్నుంచి వచ్చిందో ఎవరూ అడగరు. ఆఫీసులో కూడా నా కింద పాతికమంది పనిచేస్తున్నారు. ఆ ఆదివారం సూర్యలంక నుంచి తిరిగొస్తూ, ఖాళీ ట్రాలీలో కమ్మీ పట్టుకుని నిలబడి, ఎదురుగాలికి జుట్టంతా చెదిరిపోతుంటే, లోకాన్ని జయించొచ్చిన దానిలా గొంతెత్తి పాటలు పాడిన ఆ పిల్ల ఒక్కోసారి గుర్తొస్తుంది. దాని గర్వం తలుచుకుంటే నవ్వొస్తుంది. జయించింది ఏంటయ్యా అంటే మేడమీద ఒక అద్దె గది. ఆ తర్వాత నేను అంతకంటే పెద్దవే చాలా గెలిచాను, ఎప్పుడూ అలా పాడలేదు.